రాకెట్టుకు గంజి పెట్టిన రోజు

మొన్న మా కోడలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. "అత్తమ్మా, గిది సూడు. లోకమంత నోరు తెరిచి సూస్తున్నది" అంది.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఇరవై అంతస్తుల అపార్టుమెంటంత రాకెట్టు. మంటలు కక్కుతూ పైకి పోయింది. కొంతదూరం పోయి, నెత్తి మీద మోసుకుపోతున్న ఇంకో రాకెట్టును ముందుకు సాగనంపి, తాను మాత్రం వెనక్కి మళ్లింది. తోక కింద మంట పెట్టుకుని నిలువునా దిగుతుంటే, కింద ఒక ఇనుప స్తంభం రెండు చేతులూ చాచి, స్నానం చేయించిన పిల్లను పట్టుకున్నట్టు చంకల కింద పట్టుకుంది. మళ్లీ మందు నింపి దాన్నే పంపుతారట. అట్లా పంపి పంపి మనుషుల్ని చంద్రుడి మీదికీ, ఆ అవతలి ఎర్ర గ్రహం మీదికీ చేరుస్తారట.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"మంచిగనే ఉన్నది. మరి దిగినంక దాన్ని ఎవరు కడుగుతరు?"

కోడలు ఫోను తీసుకుని వంటింట్లోకి పోయింది. నేను ఎగతాళికి అడగలేదు. తిరిగొచ్చే రాకెట్టు గురించి నాకు ఆమె కంటే చాలా ముందు తెలుసు. ఒక రాకెట్టును నా చేతులతో చెడగొట్టాను, మళ్లీ నా చేతులతోనే వెనక్కి తెచ్చాను. బడుల్లో, ఆఫీసుల్లో కొత్తగా పనికి చేరుతున్న పిల్లలు ఇది చదివితే మంచిది. నేను చేసిన తప్పు మీరూ చేస్తారు. శుభ్రంగా పనిచేసే వాళ్లే అటువంటి తప్పు చేస్తారు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్లు ఆయాగా పనిచేశాను. మాది నల్గొండ దిక్కు పల్లె. నేను చదివింది మూడో తరగతి వరకే. బడిలో చీపురు నాది, మంచినీళ్ల కుండ నాది, గంట నాది. హెడ్మాస్టరు పిలిస్తే నవ్వుకుంటూ పోయే పిల్లలు నేను పిలిస్తే చొక్కా గుండీలు సర్దుకుని వచ్చేవారు. నా బళ్లో ఒకటే చట్టం: ఏదైనా సరే, పారేసే ముందు నాకు చూపించాలి. అరిగిన చాక్‌పీసులు నూరి ముగ్గు వేసేదాన్ని. ఒకవైపు రాసిన ప్రశ్నపత్రాలు కుట్టి టీచర్లకు చిత్తుపుస్తకాలు చేసేదాన్ని. విరిగిన చీపురును పొడుగు కర్రకు కట్టి బూజు దులిపేదాన్ని. పీటీ సారు నన్ను చూస్తే చేతిలో ఉన్న అరటితొక్క కూడా జేబులో పెట్టుకునేవాడు.

పై అంతస్తు చివర ఒక గది ఉండేది. సైన్సు ల్యాబు. దాని తాళంచెవి నా కొంగుకే ఉండేది. ఆ గదిని నడిపే టీచరమ్మ గుంటూరు వైపు ఆమె. సన్నగా ఉండేది, గబగబా మాట్లాడేది. నేను ఊడ్చేటప్పుడు అడుగు తియ్యమంటే ఠక్కున తీసేది, అందుకే నాకు నచ్చింది. ఒకరోజు నా కుండలోంచి ఒక చుక్క నీళ్లు తీసి గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో చూడమంది. చూశాను. నేను రోజూ తోమే కుండలో ఏవో తోకలు ఊపుకుంటూ ఈదుతున్నాయి. ఆ రోజు నుంచి కుండను రెండుసార్లు తోమాను. ఆ రోజు నుంచే ఆ గది మీద నాకు మమకారం కూడా పుట్టింది. నన్ను మూడో తరగతిలో మాన్పించినప్పుడు నేను ఏమి పోగొట్టుకున్నానో నాకు మొదటిసారి కంటితో చూపించిన గది అది.

అవి తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులు. వారంలో రెండు రోజులు బడి, నాలుగు రోజులు బందు అన్నట్టుండేది. స్టాఫ్‌రూములో ఏంటండీ అనేవాళ్లు ఒక పక్క, ఏంది అనేవాళ్లు ఒక పక్క కూర్చుని టీ తాగేవారు. టీ మాత్రం నేను ఒకే గిన్నెలో కాచేదాన్ని. మా కరస్పాండెంటు సారు కోస్తా నుంచి వచ్చి ముప్పై ఏళ్ల కింద ఇక్కడ స్థిరపడిన మనిషి. రాళ్లు పడతాయని భయపడి గేటు మీద బడి పేరు కంటే పెద్ద అక్షరాలతో జై తెలంగాణ అని రాయించాడు. కిటికీ అద్దాలు క్షేమంగా ఉన్నాయి గానీ, బడి పేరు ఏమిటని కొత్తవాళ్లు అడిగి తెలుసుకోవలసి వచ్చేది.

ఆ సారు ఒకరోజు ల్యాబుకు వచ్చి గది పొడుగూ వెడల్పూ అడుగులతో కొలిచాడు. టీచరమ్మ ముఖం అప్పుడే వాడిపోయింది.

"మేడమ్, చుట్టుపక్కల ఎటు చూసినా కోచింగే. మనం కూడా ఆరో తరగతి నుంచే ఐఐటీ బ్యాచి పెట్టాలి. ఈ గది ఖాళీ చేయండి. నలభై బెంచీలు పడతాయి."

"మరి ప్రయోగాలు ఎక్కడ చేయించాలండీ?"

"ప్రయోగాలన్నీ గైడులో ఉన్నాయి కదండీ, బొమ్మలతో సహా."

టీచరమ్మ చేతిలో ఉన్న గాజుపలకను తుడిచి అరలో పెట్టింది. తర్వాత, వచ్చే ఆదివారం జరిగే సైన్సు ప్రదర్శన దాకా ఆగమని అడిగింది. ఆ ప్రదర్శనకు తల్లిదండ్రులు అందరూ వస్తారు. అందులో తాను ఒక రాకెట్టు ఎగరేస్తానంది. ఊరికే ఎగిరేది కాదు, తిరిగొచ్చేది.

సారు నవ్వాడు. "తిరిగొచ్చి ఏం చేస్తుంది?"

"మళ్లీ ఎగురుతుంది."

"సరే. ఒకే రాకెట్టు, అందరి ముందూ రెండుసార్లు. అలా ఎగిరితే గది మీది. లేకపోతే సోమవారం బెంచీలు వస్తాయి."

సారు పోయాక నేను చీపురు పక్కన పెట్టి అడిగాను. "మేడమ్, రాకెట్టు తిరిగొస్తే అంత సంబురమేంది? పోయినది రాదా?"

"రాదు ఆయమ్మా. ఇప్పటిదాకా ఎగిరినవి దాదాపు అన్నీ ఒక్కసారికే. పైకి వెళ్లాక ముక్కలు ముక్కలుగా ఊడిపోతాయి. సముద్రంలో పడిపోతాయి. కొన్ని గాలిలోనే కాలిపోతాయి."

"మళ్ల తెచ్చుకోరా?"

"తెచ్చుకోరు. ఇంకొకటి కొత్తది చేస్తారు."

నాకు నిజంగా కోపం వచ్చింది. "గంత మంది, గన్ని ఏండ్లు కూసొని చేసి, ఒక్క పూటకు సముద్రంల పారేస్తరా? అడిగేటోడు లేడా?"

"ఎల్.బి.నగర్ చౌరస్తాలో బస్సెక్కి నల్గొండ వెళ్లారనుకోండి. మీరు దిగగానే ఆ బస్సును చెరువులోకి తోసేసి, తిరిగి రావడానికి ఇంకో కొత్త బస్సు తయారు చేస్తే ఎలా ఉంటుంది? అలా ఉందండి ఇప్పుడు. కానీ బయటి దేశాల్లో కొందరు అంటున్నారు, కొండంత రాకెట్టు చేస్తాం, అది తన కాళ్ల మీద తాను దిగుతుంది, కడిగి మళ్లీ పంపుతాం, అప్పుడు ఆకాశానికి పోవడం బస్సు ప్రయాణమంత తేలికవుతుంది అని. అందరూ వాళ్లని చూసి నవ్వుతున్నారు."

"నవ్వేటోళ్లను నా దగ్గరికి పంపుండ్రి" అన్నాను.

ఆ వారమంతా బడి వదిలాక మేమిద్దరం ఆ పనిలోనే ఉన్నాం. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. అడుగు పైకి, మూతి కిందికి. మూతికి బిరడా, బిరడాలో సైకిలు ట్యూబు వాల్వు. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి సైకిలు పంపుతో గాలి కొడితే, లోపల గాలి నలిగి నలిగి ఒక్కసారి బిరడాను తన్నేస్తుంది. నీళ్లు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. రెక్కలకు పాత ఫైలు అట్టలు, నెత్తి మీద అట్ట టోపీ. టోపీ కింద మడిచిపెట్టిన గుడ్డ గొడుగు. పైకి పోయి తల తిరిగి కిందికి వచ్చేటప్పుడు టోపీ జారిపోయి గొడుగు విచ్చుకోవాలి, సీసాను మెల్లగా దించాలి. టీచరమ్మ దాన్ని పారాచూట్ అనేది.

"పల్చని ప్లాస్టిక్ కవరు చాలండి" అంది ఆమె.

"కవరు రెండో పూటకు చినిగిపోతది. మళ్ల మళ్ల ఎగిరేదానికి మళ్ల మళ్ల పనికొచ్చే గుడ్డ కావాలె" అని నా పాత వాయిలు చీర తెచ్చాను. మెత్తబడి ఉల్లిపొరలా అయిన చీర. గుండ్రంగా కత్తిరించి, అంచు రెండు మడతలు వేసి కుట్టాను. తెలిసిన పని తెలిసినట్టు చేయడం నాకు అలవాటు. కుట్టడం అయ్యాక ఉతికాను. ఉతికాక గంజి పెట్టాను. పెద్దవాళ్లు నలుగురూ చూసే వస్తువు, నలిగిపోయి కనిపిస్తే బడికి మర్యాదా? నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి, అంచులు కలిసేట్టు నాలుగు మడతలు పెట్టి, టోపీ కింద పెట్టాను. చూసి నాకే ముచ్చటేసింది.

శనివారం సాయంత్రం మైదానంలో పరీక్షించాం. పంపు కొట్టడం నా పని. ఊళ్లో బోరింగు కొట్టిన చేతులు కదా. సీసా నాలుగంతస్తుల మీదికి పోయింది. టోపీ ఊడింది. గొడుగు మాత్రం విచ్చుకోలేదు. నాలుగు మడతలూ నాలుగు మడతలుగానే ఉండి, సీసా తిన్నగా వచ్చి నీళ్లట్యాంకు అంచున పడింది. మూతి పగిలింది.

టీచరమ్మ మెట్ల మీద కూలబడింది. "నా లెక్కే తప్పండి. టోపీ బరువు తప్పు వేశాను. రేపు ఏం చేయను?" అని నోటుపుస్తకం తీసి మొదటి నుంచి కూడికలు మొదలుపెట్టింది.

నేను పోయి సీసాను ఏరుకొచ్చాను. గొడుగును చేత్తో పట్టుకున్నాను. అప్పడంలా ఉంది. వేలితో కొడితే టక్కుమంది. మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తప్పు ఎవరిదో నాకు అర్థమయింది.

నిజం చెప్పాలి. ఒక పది నిమిషాలు నేను నోరు విప్పలేదు. తప్పు పట్టడమే తప్ప పట్టించుకోవడం నాకు అలవాటు లేదు. ఆమె లెక్కలు కొట్టేస్తూ రాస్తూ ఉంది, కళ్లు తుడుచుకుంటూ ఉంది. ఆ నోటుపుస్తకం నేను కుట్టి ఇచ్చిందే. ఇక చూడలేకపోయాను.

"మేడమ్, మీ లెక్క సక్కగనే ఉన్నది."

"లేదు ఆయమ్మా, ఎక్కడో..."

"నేను గంజి పెట్టిన."

"దేనికి?"

"గీ గొడుక్కి. ఇస్త్రీ కూడ చేసిన."

ఆమె గొడుగు తీసుకుని చూసింది. నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. కడుపు పట్టుకుని నవ్వింది. "ప్రపంచంలో రాకెట్టుకి గంజి పెట్టినవాళ్లు మీరొక్కరే ఆయమ్మా!" అని మెట్ల మీద పక్కకు ఒరిగిపోయి నవ్వింది. నేను నవ్వలేదు. ఇంటికి పోయి ఆ గంజి వదిలేదాకా ఆరు నీళ్లు మార్చి జాడించాను. టీచరమ్మ కొత్త సీసా సిద్ధం చేసుకుంటానంది. జాడించీ జాడించీ పాత గొడుగు అంచు చిరిగింది కాబట్టి మిగిలిన చీరలోంచి ఇంకొకటి కుట్టాను. ఆమె చెప్పిన కొలత మూర వెడల్పు. చీర వెడల్పు దాని కంటే చాలా ఎక్కువ. మంచి గుడ్డ ఎందుకు వృథాగా కత్తిరించాలని ఉన్నంత వెడల్పూ ఉంచేశాను. చూశారా, ఒక తప్పు దిద్దుకుంటూనే రెండోది కుట్టుకున్నాను.

ఆదివారం పొద్దున లేచేసరికి, మెయిన్ రోడ్డు మీద వంటా-వార్పు అన్నారు. కొత్తవాళ్లకు తెలియదేమో, అప్పట్లో ఉద్యమంలో అది ఒక పద్ధతి. రోడ్డు నడిమధ్య రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినేవారు. బండి అన్నది కదిలేది కాదు. అయినా తల్లిదండ్రులు కొత్తపేట నుంచీ సైదాబాద్ నుంచీ సందుల్లో నడిచి వచ్చారు. మైదానంలో షామియానా, దాని కింద కుర్చీల్లో జనం. నడిమి కుర్చీలో కరస్పాండెంటు సారు.

పంపు కొట్టాను. సీసా లేచింది. అందరూ అబ్బా అన్నారు. పైన తల తిరిగింది, టోపీ జారింది, గొడుగు పువ్వులా విచ్చుకుంది. టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దిగుతుందని చూస్తున్నాం. అది దిగడం లేదు. వెడల్పు గొడుగు, పల్చని చీర, తేలిక సీసా. గాలి దాన్ని ఎత్తుకుంది. గోడ దాటింది, ఎదుటి మేడ దాటింది, మెయిన్ రోడ్డు వైపు హాయిగా ఊగుతూ పోయింది.

సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "పోయిందండీ. ఎగిరింది, బాగుంది. తిరిగి మాత్రం రాలేదు."

"వస్తది సార్" అన్నాను.

"ఎలా వస్తుంది?"

"నడిసి వస్తది. నేను తెస్త."

"ఎంతసేపు చూడాలి ఆయమ్మా? భోజనాల బెల్లు కొట్టేదాకా చూస్తాను. బెల్లు కొట్టగానే అందరూ వెళ్లిపోతారు."

బెల్లు కొట్టే సుత్తె గంట పక్కన మేకుకు వేలాడుతుంటుంది. పోతూ పోతూ దాన్ని తీసి నడుములో దోపుకుని, గేటు దాటాను.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఒకచోట జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. డప్పు ఆగిపోయి ఉంది. నడుమ ఒక కానిస్టేబుల్ లాఠీ చాచి మా సీసాను దూరం నుంచి పొడుస్తున్నాడు. సీసా తారు మీద ఉంది, ఒక రెక్క విరిగి ఉంది. మరి గొడుగు? పక్కనే ఒక పెద్ద బేసిన్లో మునిగి ఉంది. దగ్గరికి పోయి వంగి చూశాను. అది గంజి. అన్నం వార్చిన చిక్కని, వేడి గంజి.

"దూరం జరుగమ్మా! ఏముందో ఏమో" అన్నాడు కానిస్టేబుల్.

"ఏముంటది, నీళ్లు. అది మా బడిది."

"నీళ్లతోని ఆకాశంలకెల్లి వస్తదా? నడుముల ఏంది, గది?"

"బడి గంట కొట్టే సుత్తె."

"గిప్పుడు సుత్తె ఎందుకు తెచ్చినవ్?"

"ఎవ్వడు గంట కొట్టకుండ."

అతను లాఠీ దించి నన్ను పైనుంచి కిందికి చూశాడు. అంతలో మెడలో తువ్వాలు వేసుకున్న ఒక పొడుగాటి యువకుడు ముందుకొచ్చాడు. నినాదాలు ఇచ్చీ ఇచ్చీ గొంతు పోయి ఉంది. అక్కడ పెద్ద అతనే అనిపించింది.

"పెద్దమ్మా, గిది ఆంధ్రా సారు బడిదేనా?"

"పిల్లల బడిది. నాది నల్గొండ. ఇగ అడిగేదున్నదా?"

"గది గాదు పెద్దమ్మా. మా గంజిల మీ గుడ్డ పడ్డది. మేం గా గంజి ఉప్పేసుకొని తాగుదమనుకున్నం."

"నా గుడ్డ సుబ్బరంగుంది. మీ గంజే దానికి అంటింది" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "బిడ్డా, ఒక రెండు బకెట్ల నీళ్లియ్యి. గీ గంజి వదిలించాలె. వదలకపోతే గది విచ్చుకోదు. విచ్చుకోకపోతే పిల్లల ల్యాబు పోతది."

"డ్రమ్ముల ఉన్నవి తాగే నీళ్లు పెద్దమ్మా. ఐదొందల మంది తాగాలె. ఎట్లియ్యాలె?"

నేను పొయ్యి వైపు చూశాను. ఒక గిన్నె వార్చారు, ఇంకా మూడు పెద్ద గిన్నెలు పొయ్యి మీదే ఉన్నాయి. నలుగురు మగపిల్లలు ఒక గిన్నె చుట్టూ తువ్వాళ్లు పట్టుకుని, ఎత్తుదామా వద్దా అని చూసుకుంటున్నారు. మొదటి గిన్నె వార్చినప్పుడు సగం అన్నం రోడ్డు మీద పోసినట్టున్నారు, తారు మీద తెల్లగా పరుచుకుని ఉంది. మాడు వాసన వస్తోంది. అన్నం నేలపాలు చేసినవాళ్లను చూస్తే నాకు ఉద్యమం గుర్తుండదు, ఊరు గుర్తుండదు.

"వంటా-వార్పు అని పొద్దటిసంది ఒర్రుతున్నరు గద! వార్చుడు ఒక్కనికన్న వస్తదా?"

గొంతు పోయిన యువకుడు తల గోక్కున్నాడు. "అక్కలు జెండాలు తేను పోయిండ్రు పెద్దమ్మా. వస్తరనుకున్నం..."

"వాళ్లు వచ్చేదాక అన్నం ఆగుతదా? లెవ్వుండ్రి. నువ్వు గా మూత అడ్డం పట్టు. నువ్వు గీ దిక్కు రా. గుడ్డ తడిపి పట్టుకో, సేతులు కాల్తయ్. నేను ఒంచుమన్నప్పుడే ఒంచాలె."

మూడు గిన్నెలూ ఒక్క మెతుకు పోకుండా వార్పించాను. ఆఖరి గిన్నెకు కానిస్టేబుల్ కూడా టోపీ తీసి భుజం పట్టీలో దోపుకుని ఒక చెయ్యి వేశాడు. పని అయ్యాక యువకుడు తానే రెండు బకెట్లు ముంచి తెచ్చాడు. రోడ్డు మీద గొంతుకు కూర్చుని గొడుగును పిండి, జాడించి, మళ్లీ పిండాను. గంజి వదిలింది. ఇప్పుడు తడి. తడిగుడ్డ టోపీ కింద పెడితే గంజి పెట్టినదానికంటే అధ్వాన్నం.

"ఎండల ఏద్దమా?" అన్నాడు యువకుడు.

"అంత టైము లేదు. ఉరుకుతరా?"

ముందు వాళ్లకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇద్దరు చెరో అంచూ పట్టుకుని తల మీదికి ఎత్తి పరుగు తీశారు. బందు కాబట్టి బస్సు లేదు, ఆటో లేదు, అంత రోడ్డూ వాళ్లదే. నా చీర వాళ్ల మధ్య తెరచాపలా ఉబ్బి పోతుంటే, వెనుక డప్పు, దాని వెనుక జై తెలంగాణ అంటూ యాభై మంది, ఆ వెనుక ఎడమ చేత్తో సీసా, కుడి చేత్తో నడుములో సుత్తె పట్టుకుని నేను, నా వెనుక ఇది ఎట్లా ఎగురుతుందో చూడకుండా వదలనని కానిస్టేబుల్.

ఆ గుంపు గేటు ముందు ఆగేసరికి సారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. గేటు మీద రాయించుకున్న అక్షరాలు ఆ రోజు పనికి వస్తాయో రావోనని చూస్తున్నాడు.

"భోజనాల బెల్లు కొట్టలేదేంటి?" అన్నాడు బలహీనంగా.

సుత్తె తీసి చూపించాను.

టీచరమ్మ ముఖం తెల్లబోయి ఉంది. యువకుడు ఆమె ముందుకు పోయి తువ్వాలు సర్దుకుని నిలబడ్డాడు. "మేడమ్, జర ఎగిరేయుండ్రి. మేం గూడ సూస్తం. మీది ఏ ఊరు?"

ఆమె దాచలేదు. "గుంటూరు జిల్లా" అంది.

డప్పు కొట్టేవాడు చెయ్యి ఆపి యువకుడి వంక చూశాడు.

"గుంటూరా! అరె, ముందే ఎరుకైతే కారం అడుగుతుంటిమి గద. ఇయ్యాల మా కూర మరీ సప్పగైంది" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. టీచరమ్మ కూడా నవ్వింది.

పరుగులో గొడుగు ఆరిపోయింది గానీ, రెక్క విరిగి ఉంది, గొడుగు వెడల్పు ఎక్కువ. టీచరమ్మ కత్తెర కోసం వెతుకుతుంటే నేనే ఆ చీర గుడ్డను పళ్లతో అంచు కొరికి బర్రున చించాను. జీవితంలో ఒక మంచి గుడ్డను చేతులారా చించడం అదే మొదటిసారి. చిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చుట్టూ చింపిన పీలికను మాత్రం పారేయలేదు, దానితోనే విరిగిన రెక్కను సీసాకు బిగించి కట్టాను.

నీళ్లు పోశాం. పంపు అందుకున్నాను. యువకుడు "నేను కొడ్త పెద్దమ్మా" అన్నాడు. "నువ్వు అన్నమే వార్చలేవు" అన్నాను.

బిరడా తన్నింది. సీసా లేచింది. మొదటిసారి కంటే కొంచెం తక్కువ ఎత్తుకే పోయింది, కట్టు బరువుకు. తల తిరిగింది. టోపీ జారింది. గుడ్డ ఒకటి రెండు సార్లు తడబడి, టప్పున తెరుచుకుంది. ఈసారి ఎటూ పోలేదు. షామియానా మీద పడి, జారి, సారు కుర్చీ ముందు పడింది. సీసాలో మిగిలిన నీళ్లు ఆయన బూట్ల మీద కొన్ని చిందాయి.

సారు సీసాను చూశాడు. చప్పట్లు కొడుతున్న తల్లిదండ్రులను చూశాడు. గేటు దగ్గర ఈలలు వేస్తున్న యాభై మందిని చూశాడు.

"అసలు ల్యాబు తీసేస్తామని ఎవరన్నారండీ?" అన్నాడు.

అప్పుడు పోయి భోజనాల గంట కొట్టాను. యువకులు పొయ్యిల దగ్గరికి తిరిగిపోయారు. మైదానం ఖాళీ అయ్యాక టీచరమ్మ సీసా పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఆయమ్మా, ఆయన రాకెట్టును చూసి ఒప్పుకున్నారా, వాళ్లను చూసి ఒప్పుకున్నారా?"

"ఏదైతేంది మేడమ్, ల్యాబు నిలబడ్డది గద."

"అలా కాదండి. ఇంకొక్కసారి వేద్దాం. ఎవరూ లేనప్పుడు."

ఆమె మొండితనం నాకు నచ్చింది. గొడుగును మళ్లీ ఎండలో ఆరేసి, గరుకు లేకుండా చేతుల మధ్య నలిపి, మడత పెట్టకుండా వదులుగా పెట్టాను. మూడోసారి కూడా లేచింది, మూడోసారి కూడా వచ్చింది. తల ఎత్తి చూస్తే సారు తన గది కిటికీలో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తెర వేసుకున్నాడు. సోమవారం పొద్దున బెంచీల బండి వచ్చి, గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడి, అలాగే తిరిగిపోయింది.

ఇదీ నాకు తెలిసిన రాకెట్టు. ఇప్పుడు ఆ పెద్ద రాకెట్టును చూసి అందరూ అది తిరిగి రావడమే గొప్ప అంటున్నారు. దాని మీద అందరూ ఎర్ర గ్రహానికి పోయి ఊళ్లు కడతామంటున్నారు. కట్టనీయండి, నాకేమీ అడ్డం లేదు. అయితే నేను చూసినంతలో తిరిగి రావడం సగం పనే. వచ్చిన తర్వాత ఎక్కడ పగిలింది, ఎక్కడ నలిగింది, ఏది మాడింది అని ఓపికగా చూసి, తుడిచి, కుట్టి, కట్టి, మళ్లీ పంపేవాళ్లు ఉంటేనే అది రెండోసారి లేస్తుంది. అవి మొదట్లో ఎన్నిసార్లో పేలిపోయాయట. పేలిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెట్ల మీద కూర్చుని, నా లెక్కే తప్పు అని ఏడ్చే ఉంటారు. పక్కన ఇంకొకరు గుడ్డ చేతిలో పట్టుకుని, చెప్పాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించి ఉంటారు. పిల్లలూ, ఆ పది నిమిషాలను ఐదు చేయండి. నా సలహా అంతే.

టీచరమ్మ తర్వాత కొన్నేళ్లకు పెద్ద కాలేజీకి వెళ్లింది. రాష్ట్రం వచ్చింది. నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, అది ఇప్పటికీ వాడకుండా దాచాను. ఇప్పుడు మీర్‌పేట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నా, నా ఓటు మాత్రం పాత చిరునామాకే ఉండిపోయింది. అందుకని ఓటు వేయడానికి మా పాత బడికే పోవాలి.

పోయినసారి పోలింగు బూతు ఎక్కడ పెట్టారనుకున్నారు? పై అంతస్తు చివర గదిలో. బెంచీలు లేవు. అవే అరలు, అవే సీసాలు. వేలికి సిరా పెట్టించుకుని, ఓటు వేసి పక్కకు తిరిగేసరికి, గోడకు మేకు, మేకుకు మా రాకెట్టు. రెక్కకు నా చీర పీలిక అలాగే ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కాసేపు చూశాను. టోపీ కొత్తది. అంటే పిల్లలు ఇంకా ఎగరేస్తున్నారన్నమాట.

టోపీ ఎత్తి చూశాను. ఎవరో, ఇప్పుడున్న ఆయమ్మే అయ్యుంటుంది, గొడుగును శుభ్రంగా ఉతికింది. ఇస్త్రీ చేసింది. అంచులు కలిసేట్టు నాలుగు మడతలు పెట్టింది. వేలితో కొట్టాను. టక్కుమంది.

"ఓ అవ్వా! ఓటేసినవ్ గద, ఇగ నడువు! ఎనక ఎంత పెద్ద లైనున్నదో సూడు!" అని తలుపు దగ్గరి పోలీసు అరిచాడు.

"ఆగు బిడ్డా, గిది అయిపోనీ" అని, ఆ గుడ్డను విప్పి, రెండు చేతుల మధ్య పెట్టుకుని, గంజి పొడిపొడిగా రాలి మెత్తబడేదాకా నలిపాను.